అంబాసిడర్ చక్రాల చప్పుడు

పాత కారు చక్రాల దగ్గర వినిపించే కొత్త ధ్వనిని బట్టి లోపాన్ని గుర్తించే పద్ధతి. మోరిస్ ఆక్స్‌ఫర్డ్ నమూనాపై హిందుస్థాన్ మోటార్స్ తయారుచేసిన అంబాసిడర్ ఉత్పత్తి 1957లో మొదలై 2014లో ఆగింది. విజయవాడలో ఇలాంటి బండ్ల మరమ్మతుకు పేరున్న చోటు జవహర్ ఆటోనగర్.

చప్పుడు టకటకమంటే ముందుగా చక్రం నట్లు బిగుతుగా ఉన్నాయో లేదో చూడాలి. ప్రాణం మీదికి తెచ్చేది వదులైన నట్లే. తర్వాత వీల్ క్యాప్, టైరు గాడిలో ఇరుక్కున్న కంకర. వేగంతోపాటు పెరిగే గుయ్యిమనే మోత టైరుదో బేరింగుదో తేల్చడమే అసలు చిక్కు. తారు రోడ్డు నుంచి సిమెంటు రోడ్డెక్కగానే మోత మారితే టైరును అనుమానించాలి. కుడికి తిప్పినప్పుడు బరువు ఎడమ చక్రాలపై పడుతుంది. అప్పుడు మోత హెచ్చితే ఎడమ బేరింగు అరిగినట్టే, చాలావరకు. జాకీ ఎత్తి, కారును స్టాండుపై నిలిపి, సస్పెన్షన్ మీద చెయ్యి ఆనించి చక్రం తిప్పితే గరుకుదనం వేళ్లకే తెలుస్తుంది. పైనా కిందా పట్టుకుని ఊపితే వదులు బయటపడుతుంది.

కృష్ణా డెల్టాలో వానకు మునిగిన దారుల్లో తిరిగిన బండి హబ్‌లోకి నీరు చేరితే గ్రీజు తెల్లబారుతుంది. వానాకాలమంతా కదలని కారులో బ్రేక్ డ్రమ్ములు తుప్పుపట్టి గరగరలాడతాయి. తేలిక తుప్పయితే కొద్దిదూరం నెమ్మదిగా నడిపి బ్రేకు వేస్తే పోతుంది. యాక్సిలరేటర్ వదలగానే స్వరం మారే ఊళ సాధారణంగా చక్రానిది కాదు, డిఫరెన్షియల్‌ది.