ఉప్పులో మందు: పుట్టుపూర్వోత్తరాలు

నిత్యాహారంలో నివారణ ఔషధాన్ని కలిపి ఒక ప్రాంత ప్రజలందరికీ రోగరక్షణ కల్పించాలన్న ఆలోచన ఉప్పును ఆశ్రయించడానికి బలమైన కారణం ఉంది. తిండిగింజలు ఊరూరా పండినా, ఉప్పు మాత్రం ఉప్పుమళ్ల నుంచి బయలుదేరి, వర్తక పేటల గుండా గానీ, సంతల గుండా గానీ ఇల్లు చేరవలసిందే. కాబట్టి తయారీ వద్దనే మందు కలిపితే అది పేదవాని గంజి వరకూ వెళ్లగలదు.

ఈ ఆలోచనను మలేరియాపై 1950వ దశకంలో ప్రయోగించినవాడు బ్రెజిల్ వైద్యుడు మారియో పినోట్టి. అమెజాన్ అడవుల్లోని గుడిసెలకు సరైన గోడలే లేకపోవడంతో డి.డి.టి. చల్లడం నిష్ఫలం కాగా, ఆయన 1934లో జర్మనీలో రూపొందిన క్లోరోక్విన్‌ను వంట ఉప్పులో కలిపించాడు. 1961–65 మధ్య బ్రిటిష్ గయానాలో పంచిన ఉప్పులో ఆ మందు 0.43 శాతం ఉండేది. రోజుకు 10 గ్రాముల ఉప్పు తినేవారికి 43 మిల్లీగ్రాముల చొప్పున, వారానికి పెద్దల నివారణ మోతాదైన 300 మిల్లీగ్రాములు అందుతాయని లెక్క.

అయితే ఆ మోతాదును నిర్ణయించేది వైద్యుడు కాదు, నాలుక. చంటిబిడ్డలకు మందు దాదాపు అందదు. చాలీచాలని మోతాదు అందినవారి రక్తంలో, వేగంగా వృద్ధిచెందే మలేరియా పరాన్నజీవుల్లో మందును తట్టుకోగలిగినవే మిగిలి వ్యాపిస్తాయి. దీనినే ఔషధ నిరోధకత అంటారు. ఔషధ లవణం పంచిన కంబోడియాలోని పైలిన్ ప్రాంతం ఈ నిరోధకతకు తొలి స్థావరాల్లో ఒకటి కావడంతో, ఆ రెంటికీ సంబంధం ఉందని పలువురు శాస్త్రజ్ఞులు భావించారు. భారతదేశంలో క్లోరోక్విన్ నిరోధకత 1973లో అస్సాంలో బయటపడింది.

మలేరియా విషయంలో తడబడిన ఈ పద్ధతి, దోమల ద్వారానే సోకే బోదకాలు విషయంలో నిలదొక్కుకుంది. భీమవరంలో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు నాయకత్వాన అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాల 1947లో వెలువరించిన డైఇథైల్‌కార్బమజీన్ వంట వేడికి చెడదు. పైగా అది ఎదుర్కొనే ఫైలేరియా పురుగు మలేరియా జీవి అంత వడిగా తరాలు మార్చుకోదు. లక్షద్వీప్‌లోనూ కారైకాల్‌లోనూ ఈ మందు కలిపిన ఉప్పును ప్రయోగించగా, చైనా దానిని విస్తారంగా వాడి 2007 నాటికి బోదకాలు వ్యాప్తిని నిర్మూలించినట్లు గుర్తింపు పొందింది.

అందువల్ల ఆహారంలో మందు కలిపే ముందు ఆ మందు బలాన్ని మాత్రమే గాక, రోగకారక జీవి స్వభావాన్నీ, ఇంటిల్లిపాదిలో ఎవరు ఎంత ఉప్పు తింటారన్న సంగతినీ తూచడం ప్రజారోగ్య ధర్మం.