అమ్మీటరు ముల్లు మైనస్ వైపు వాలితే

మన దేశంలో టూ వీలర్ల చరిత్ర రాసేవాళ్లు ఏప్రిల్ 1ని దాటి వెళ్లలేరు. 2017లో ఆ రోజు నుంచి కొత్తగా తయారయ్యే మోటారుసైకిళ్లకూ స్కూటర్లకూ హెడ్‌లైటు ఆపే స్విచ్ లేకుండా పోయింది. ఇంజిన్ స్టార్టయితే లైటు వెలగాల్సిందే. రోడ్డు భద్రత మీద సుప్రీంకోర్టు వేసిన కమిటీ సిఫారసుతో వచ్చిన నిబంధన ఇది. మొదట్లో మిట్టమధ్యాహ్నం ఎదురొచ్చే ప్రతివాళ్లూ వేళ్లు ముడిచి తెరుస్తూ 'లైటు, లైటు' అని సైగ చేసేవారు. ఇప్పుడా సైగ దాదాపు కనుమరుగైంది.

పగలు కూడా ఆరని ఈ లైటు, ఒకప్పుడు రాత్రిపూట సరిగ్గా వెలగడానికే నానా అవస్థలు పడింది. ఆ అవస్థలో బల్బు పాత్ర కొంతే. అసలు కథంతా తీగల్లో ఉంది.

బర్మింగ్‌హామ్ వీధుల్లో తోపుడుబండి మీద కిరసనాయిలు అమ్ముకున్న జోసెఫ్ లూకాస్, 1870ల చివర్లో పెద్ద చక్రం సైకిళ్లకు నూనె దీపం తయారుచేసి 'కింగ్ ఆఫ్ ద రోడ్' అని పేరు పెట్టాడు. అది దారి చూపింది తక్కువ, ఎవరో వస్తున్నారని ఎదుటివాళ్లకు చెప్పింది ఎక్కువ. తర్వాత 1892లో అమెరికాలో థామస్ విల్సన్ అల్యూమినియం కోసం కొలిమి పెడితే కాల్షియం కార్బైడ్ చేతికొచ్చింది. మన మార్కెట్లలో మామిడికాయలు మగ్గేయడానికి వాడి, చివరికి నిషేధానికి గురైన కార్బైడ్ అదే. తొలి మోటారుసైకిళ్ల దీపాలు దాంతోనే వెలిగాయి. కింది డబ్బాలో కార్బైడ్ ముక్కలు, పై డబ్బాలో నీళ్లు. మర కొద్దిగా తిప్పితే నీళ్లు బొట్లు బొట్లుగా పడతాయి, వెల్లుల్లి లాంటి ఘాటుతో గ్యాసు పుడుతుంది, అగ్గిపుల్ల గీసి అంటించాలి. ఇల్లు చేరాక డబ్బా విప్పి లోపల మిగిలిన సున్నం గోకి పారబోయాలి. 1920ల్లో లూకాస్ కంపెనీయే, ఇంజిన్‌కు నిప్పురవ్వ ఇచ్చే మాగ్నెటో నెత్తిన చిన్న డైనమో కూర్చోబెట్టి 'మాగ్‌డైనో' తెచ్చాక కరెంటు దీపం బండ్ల మీద స్థిరపడింది. అక్కడి నుంచి దశాబ్దాల పాటు మోటారుసైకిలు లోకం 6 వోల్టుల మీదే నడిచింది.

ఆ 6 వోల్టుల కాలాన్ని అర్థం చేసుకోవడానికి మనకు బుల్లెట్ కంటే దగ్గరి బండి లేదు. 1932లో ఇంగ్లండులోని రాయల్ ఎన్‌ఫీల్డ్ పెట్టిన పేరది. 1950ల్లో భారత సైన్యం సరిహద్దు గస్తీకి దాన్ని ఎంచుకోవడంతో 1955లో మద్రాస్ మోటార్స్ భాగస్వామ్యంతో ఎన్‌ఫీల్డ్ ఇండియా ఏర్పడి, తిరువొత్తియూర్‌లో ఫ్యాక్టరీ లేచింది. కన్నతల్లి లాంటి ఇంగ్లండు కంపెనీ మూతపడినా మద్రాసు బుల్లెట్ ఆగలేదు. తెలుగు జిల్లాల్లో ఎస్సైలూ మోతుబరి రైతులూ దాని మీద తిరిగిన రోజులను తలుచుకుంటే, బండి కంటే ముందు శబ్దమే చెవిన పడుతుంది.

బుల్లెట్ ముఖం చూడండి. నడుమ పెద్ద హెడ్‌లైటు, దానికి అటూ ఇటూ పిల్లి కళ్లలాంటి రెండు చిన్న పైలట్ దీపాలు. వాటన్నిటినీ పొదివి పట్టుకున్న అల్యూమినియం పోత. దాని మీద స్పీడోమీటరు, లైటు స్విచ్, ఓ చిన్న గుండ్రటి అమ్మీటరు. ఆ అమ్మీటరే ఈ కథకు నాయకుడు. మధ్యలో సున్నా, కుడివైపు ప్లస్, ఎడమవైపు మైనస్. చీకటి పడి లైటు వేయగానే ముల్లు ఎడమకు వాలుతుంది. అంటే బ్యాటరీలోకి వచ్చే కరెంటు కంటే పోయేదే ఎక్కువ. ఎక్సలేటర్ తిప్పితే మెల్లగా సున్నాకు వచ్చి, కొంచెం ప్లస్ చూపిస్తుంది. ఊరి మధ్య గతుకుల్లో బండి నిదానించగానే మళ్లీ ఎడమకు. రాత్రి ప్రయాణాల్లో పాత బుల్లెట్ యజమాని ఒక కన్ను రోడ్డు మీదా, ఒక కన్ను ఆ ముల్లు మీదా పెట్టి నడిపేవాడు. కాళ్లు చల్లబడినా, వీపు నొప్పెట్టినా భరించేవాడు గానీ, ముల్లు మైనస్‌లో నిలబడిపోతే గుండె జారేది.

ముల్లు నిలకడగా ఉన్నా వెలుతురు మాత్రం మసకే. ఎందుకలా? లెక్క సులువైనదే. 36 వాట్ల బల్బుకు 6 వోల్టుల మీద 6 ఆంపియర్ల కరెంటు కావాలి. బ్యాటరీ నుంచి బల్బు దాకా తీగలూ స్విచ్చులూ కలిపి కేవలం 0.1 ఓమ్ నిరోధం ఉందనుకుంటే, దారిలోనే 0.6 వోల్టు మాయమవుతుంది. 6లో 0.6 అంటే పదో వంతు. అదే బల్బు 12 వోల్టులదైతే 3 ఆంపియర్లు చాలు. పోయేది 0.3 వోల్టు, 12లో నలభయ్యో వంతు. వోల్టేజి పదో వంతు తగ్గితే వెలుతురు కూడా పదో వంతే తగ్గుతుందనుకుంటాం. తీగ బల్బు అలా ఊరుకోదు. ఫిలమెంటు వేడి కొంచెం తగ్గినా వెలుగు పెద్దగా పడిపోతుంది. పదో వంతు వోల్టేజి పోతే దాదాపు 30 శాతం వెలుతురు పోయినట్టే. అందుకే తెల్లగా వెలగాల్సిన లైటు పసుపు పూసినట్టు ఉండేది. 1965లో హార్లే డేవిడ్‌సన్ తన పెద్ద బండికి సెల్ఫ్ స్టార్టర్‌తో పాటు 12 వోల్టులు తెచ్చింది. మన బుల్లెట్ ఆ గట్టు దాటడానికి ఇంకా చాలా ఏళ్లు పట్టింది.

అప్పుడు మెకానిక్ షెడ్లు రంగంలోకి దిగాయి. నిజంగా చెప్పుకోవాల్సిన చరిత్ర ఇక్కడే ఉంది, దాన్ని పుస్తకాల్లో ఎవరూ రాయలేదు.

1959లో అమెరికాలో జనరల్ ఎలక్ట్రిక్ ఇంజినీర్లకు హాలోజన్ బల్బు పేటెంటు వచ్చింది. 1971లో యూరప్‌లో హెచ్4 వచ్చింది. ఒకే గాజులో రెండు ఫిలమెంట్లు, దూరం చూపే 60 వాట్ల అప్పర్, దగ్గర చూపే 55 వాట్ల డిప్పర్. ఆ బల్బు మన ఆటోమొబైల్ షాపుల్లో దొరకడం మొదలయ్యాక, 12 వోల్టులకు మారిన బుల్లెట్ వాళ్లకు ఆశ పుట్టింది. హెడ్‌లైటు డూమ్ మార్చి, హెచ్4 పెట్టించుకున్నారు. కొందరికి మొదటి రాత్రి పండగే. నెల తిరిగేసరికి లైటు స్విచ్ వేడెక్కి, హ్యాండిల్ మీది డిప్పర్ స్విచ్‌లో ప్లాస్టిక్ కరిగి వాసన వచ్చేది. 12 వోల్టుల మీద 35 వాట్లకు వేసిన సన్నటి తీగ గుండా 5 ఆంపియర్లు పంపితే జరిగేది అదే. చిన్న పంట బోదెలోకి కాలవ నీళ్లు వదిలినట్టు.

దీనికి మందు రిలే, అంటే చిన్న కరెంటుతో పెద్ద కరెంటును నడిపించే స్విచ్. అంగుళం మేర నల్లటి డబ్బా, కింద నాలుగు కాళ్లు. 85, 86, 30, 87 అని వాటి మీద అచ్చు ఉంటుంది. మెకానిక్ చేసే పని చూస్తే అందులో చేతి నేర్పు అర్థమవుతుంది. రిమ్ స్క్రూ విప్పి డూమ్ బయటికి లాగుతాడు. లోపల ఏళ్ల దుమ్ము, పాత టేపు జిగురు, పచ్చటి తుప్పు పట్టిన కప్లర్. మల్టీమీటరు ఒక ముల్లు బల్బు హోల్డరులో, ఇంకోటి బ్యాటరీ మైనస్ మీద పెట్టి ముందు ఉన్న వోల్టేజి చూస్తాడు. డిప్పర్ స్విచ్ నుంచి బల్బుకు వచ్చే పాత తీగను కోసి 86కు కలుపుతాడు. 85ను ఎర్త్‌కు ఇస్తాడు. బ్యాటరీ ప్లస్ నుంచి 15 ఆంపియర్ల ఫ్యూజు మీదుగా కొత్త లావుపాటి తీగ తెచ్చి 30కి, 87 నుంచి నేరుగా బల్బుకు. అప్పర్‌కు ఒక రిలే, డిప్పర్‌కు ఒకటి. ఇక మిగిలింది ఎర్త్. అనుభవం లేనివాళ్లు ఇక్కడే తప్పు చేస్తారు. చాలా పాత బండ్లలో బల్బు ఎర్త్ హ్యాండిల్ బేరింగు గుళికల మీదుగా, వాటి మధ్య గ్రీసు గుండా ఛాసిస్‌కు చేరేది. మంచి మెకానిక్ హోల్డరు నుంచి బ్యాటరీ మైనస్‌కు వేరే తీగ లాగుతాడు. అప్పుడు స్విచ్ వేస్తే చిన్నగా 'టిక్' మంటుంది, గోడ తెల్లబడుతుంది. కొత్త బల్బు వేయలేదు, కొత్త బ్యాటరీ పెట్టలేదు. దారిలో పోతున్న వోల్టు దారి తప్పకుండా చేరిందంతే.

ఈ రిలే మోటారుసైకిలు కోసం పుట్టింది కాదు. 1830ల్లో జోసెఫ్ హెన్రీ చేసిన ప్రయోగాల నుంచి టెలిగ్రాఫ్‌కు వచ్చింది. మైళ్ల తరబడి నడిచి నీరసించిన కరెంటు తన బలంతో కాక, ఒక చిన్న అయస్కాంతాన్ని లేపి, కొత్త బ్యాటరీ కరెంటును ముందుకు పంపిస్తుంది. టపా గుర్రాలను మజిలీ మజిలీకి మార్చినట్టు. మన దేశంలో టెలిగ్రామ్ సర్వీసు 2013 జూలైలో మూతబడింది. ఆ 'టిక్' మాత్రం బుల్లెట్ డూముల్లో ఇంకా వినిపిస్తూనే ఉంది.

వెలుతురు ఎక్కువ కావాలని అందరూ ఎప్పుడూ కోరుకోలేదు. 1971 డిసెంబరులో విశాఖ తీరానికి దగ్గర్లో పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ మునిగిన రోజుల్లో, యుద్ధం బ్లాకౌట్ల మధ్య వాహనాల హెడ్‌లైట్ల పై సగానికి నల్ల రంగు పూశారు. ఎదుటివాళ్ల కళ్లు చెదరకుండా లారీల హెడ్‌లైటు అద్దాల మీద పెట్టే నల్లబొట్టు ఆ తర్వాత కూడా చాలాకాలం కనిపించింది.

ఇక బ్యాటరీయే లేని లైట్ల సంగతి వేరు. పాత బజాజ్ చేతక్ హెడ్‌లైటు మాగ్నెట్ కాయిల్ నుంచి వచ్చే ఏసీ కరెంటు మీదే వెలిగేది. రైల్వే గేటు దగ్గర ఆగితే మిణుగురులా మిణుకుమనేది, రేజ్ ఇస్తే ఒళ్లు విరుచుకునేది. చిన్న మోటారుసైకిళ్లలో చాలావాటికి 2000ల దాకా అదే పద్ధతి. వీటికి నేరుగా రిలే పెడితే కుదరదు. ఏసీ మీద అది గడగడ వణుకుతుంది. కాయిల్ ప్లేటు విప్పి, ఎర్త్‌కు అతికిన కొసను విడదీసి, ఫుల్‌వేవ్ రెక్టిఫయర్ వేసి మొత్తం డీసీకి మార్చాలి. షెడ్డులో దీన్ని 'ఏసీ టు డీసీ' అంటారు. పని కాస్త ఎక్కువే. చేయించుకున్నవాళ్లు పల్లెదారి రాత్రుల్లో దాని విలువ మరిచిపోరు.

ఎల్‌ఈడీ వచ్చాక ఈ వరస అంతా చెదిరిపోయింది. కొత్త బండ్లలో లైటు కంపెనీయే అమర్చి ఇస్తోంది, తీగ కోస్తే వారంటీ పోతుంది. కరెంటు తక్కువ తాగే బల్బుకు రిలే అవసరమూ తగ్గింది. అయితే ఫిలమెంటు కోసం మలిచిన పాత డూముల్లో చవక ఎల్‌ఈడీ బల్బులు దూర్చడం మరో సమస్యయింది. ఫోకస్ చెల్లాచెదురై చెట్ల కొమ్మల మీదా, ఎదురొచ్చేవాళ్ల కళ్లల్లోనూ పడుతోంది. 8 మీటర్ల దూరంలో, మీటరున్నర ఎత్తులో ఉన్న కంటికి కాంతి కొట్టకూడదని మోటారు వాహన నియమావళి ఎప్పటి నుంచో చెబుతోంది. రాత్రి ఎదురుగా వచ్చే తెల్లటి మంటకు కళ్లు మూసుకుని బ్రేకు మీద కాలేసిన ఎవరికైనా ఆ నియమం ఎందుకుందో తెలుసు.

పాత బుల్లెట్లు పెంచుకునేవాళ్లు నేటికీ రిలే కిట్లు వేయించుకుంటున్నారు. పని ముగిశాక మంచి మెకానిక్ బండిని వెంటనే అప్పగించడు. గోడకు 25 అడుగుల దూరంలో నిలబెడతాడు. ఎవరినైనా సీటు మీద కూర్చోమంటాడు, బరువు పడితేనే కదా ముందు భాగం నిజంగా ఎంత లేస్తుందో తెలిసేది. డూము ఎత్తుకు సమానంగా గోడ మీద సుద్దతో గీత గీసి, డిప్పర్ వేసి, వెలుగు అంచు ఆ గీత కింద నాలుగు వేళ్లు దిగేదాకా డూమ్ వంచి, రిమ్ స్క్రూ బిగిస్తాడు.