పాట ఎవరిదో చెప్పని నాటకరంగం: చందాల కేశవదాసు, మైలవరం కంపెనీ

పద్యనాటకం అనగానే పద్యం గుర్తొస్తుంది, దాని వెంటే కవి పేరూ గుర్తొస్తుంది. పాండవోద్యోగ విజయాలు అంటే తిరుపతి వేంకట కవులు. సత్య హరిశ్చంద్రీయం అంటే బలిజేపల్లి లక్ష్మీకాంతం. ఇక రాగం తీసిన నటుడి పేరు సరేసరి, తరాలు దాటినా ఊరూరా చెప్పుకుంటారు. అయితే ఆ నాటకాల్లో పద్యాల మధ్య పాటలూ ఉండేవి. తెల్లవారుజామున ఇంటిదారి పట్టిన జనం కూనిరాగం తీసింది చాలాసార్లు ఆ పాటలనే. వాటిని రాసిందెవరని అడిగితే మాత్రం నాటకాభిమానులు కూడా తడుముకుంటారు. ఈ మరపువల్ల అందరికన్నా ఎక్కువ నష్టపోయినవాడు, నా లెక్కలో, చందాల కేశవదాసు.

ఆయన కథ చెప్పాలంటే నూజివీడు మామిడితోటల ప్రాంతానికి రావాలి. నూజివీడు, ఆగిరిపల్లి, మైలవరం, తిరువూరు: ఇదంతా కృష్ణా డెల్టా కాలువలు అందని మెట్ట. 1855లో బెజవాడ ఆనకట్ట కట్టాక కింది డెల్టా వరిచేలతో పచ్చబడింది గానీ, ఈ ఎర్రనేలలకు వానా, చెరువూ, తోటే దిక్కయ్యాయి. చిన్నరసాలకు నూజివీడు పెట్టింది పేరు. వీణల తయారీకి కూడా పేరున్న ఊరని బయటివాళ్లకు అంతగా తెలియదు. నూజివీడు మేకావారిది, మైలవరం సూరానేనివారిది. ఈ జమీందారీలు పోయి డెబ్బై ఏళ్లు దాటింది. 2022 జిల్లాల విభజనతో నూజివీడు ఏలూరు జిల్లాలోకీ, మైలవరం ఎన్టీఆర్ జిల్లాలోకీ వెళ్లాయి. అప్పటిదాకా రెండూ కృష్ణా జిల్లావే.

తెలుగు నాటకంలోకి పాట ఎలా వచ్చిందో కొంచెం వెనక్కి వెళ్లి చూడాలి. 1880లో ధార్వాడ నాటక సమాజం రాజమండ్రి వచ్చి ఆడి వెళ్లింది. వాళ్లు వదిలి వెళ్లిన పాకల్లోనే కందుకూరి వీరేశలింగం తన విద్యార్థులతో నాటకం వేయించాడు. 1885లో సురభిలో వనారస కుటుంబం కీచకవధ ఆడింది. ఆ మరుసటి ఏడు బళ్లారిలో ధర్మవరం రామకృష్ణమాచార్యులు సరస వినోదినీ సభ పెట్టి, పాత్రలే స్వయంగా పద్యాలూ పాటలూ పాడే నాటకానికి దారి వేశాడు. పండితులు మొదట్లో ముఖం చిట్లించుకున్నారు. దుఃఖంలో ఉన్న మనిషి ఆలాపన చేస్తాడా అని వాళ్ల ప్రశ్న. ప్రశ్న సబబైనదే, అయినా జనం దాన్ని పట్టించుకోలేదు. టిక్కెట్టు కొన్నవాడికి పాట కావాలి, అంతే.

పార్సీ నాటక కంపెనీలు తెచ్చిన హార్మోనియం, ఉత్తరాది వరసలు ఆ కోరికను మరింత ఎగదోశాయి. పాత నాటక పుస్తకాలు తిరగేస్తే పాట నెత్తిన రాగం పేరూ తాళం పేరూ, పక్కనే ‘ఫలానా పాట మట్టు’ అనీ కనిపిస్తాయి. అంటే వరస ముందు, మాట తర్వాత. హార్మోనిస్టు పట్టుకొచ్చిన వరసకు తెలుగు మాటలు అతకాలి, నటుడి గొంతు ఏ అక్షరం మీద నిలబడుతుందో తెలియాలి, సన్నివేశం చెడకూడదు. ఛందస్సు వచ్చిన ప్రతి పండితుడికీ చేతనయ్యే పని కాదిది. అందుకే నాటకకర్త ఒకరు, పాటలవాడు మరొకరుగా పని విడిపోయింది. అయినా అట్టమీద పేరు నాటకకర్తదే.

కేశవదాసు 1876లో పుట్టాడు. సొంతూరు ఇప్పటి ఖమ్మం జిల్లాలోని జక్కేపల్లి. అప్పుడది నిజాం రాజ్యం. హరికథలు చెప్పాడు, అవధానాలు చేశాడు, ఆయుర్వేద వైద్యం చేశాడు, నాటకాల్లో వేషాలూ వేశాడు. కేశవ శతకం రాశాడు, కనకతార, బలిబంధనం వంటి నాటకాలు రాశాడు. ఇన్ని విద్యలున్నా పాటకు పనికొచ్చింది ముఖ్యంగా హరికథేనని నా అభిప్రాయం. రాత్రంతా జనాన్ని కూర్చోబెట్టి కథ చెప్పే దాసుకు ఏ మాట వెనక వరసదాకా వినిపిస్తుందో, ఏ మాట ముందు వరసలోనే చచ్చిపోతుందో అనుభవంమీద తెలుస్తుంది. ఆయన పాటల్లో సమాసాల బరువు తక్కువ, నోటికి తిరిగే మాటలు ఎక్కువ.

ఖమ్మంవైపు నుంచి మధిర, తిరువూరు దాటి వస్తే మైలవరం ఎంతో దూరం కాదు. మధ్యలో ఉన్నది మాత్రం రాజ్యాల సరిహద్దు: అటు నిజాం పాలన, ఇటు మద్రాసు ప్రెసిడెన్సీ. రెండు ప్రభుత్వాలకు వేర్వేరు నాణేలు కూడా ఉండేవి. నాటకానికి ఆ గీత అడ్డం రాలేదు. తెలంగాణ కవి, ఆంధ్ర కవి అని ఇప్పుడు పంచుకుంటున్నవాళ్లు ఈ సంగతి ఒకసారి తలుచుకోవాలి.

మైలవరం జమీందారు పోషణలో నడిచిన బాలభారతీ నాటక సమాజాన్ని జనం మైలవరం కంపెనీ అనేవారు. సరదాకోసం ఏడాదికో నాటకం వేసే సమాజం కాదది. నటులకు జీతాలిచ్చి పోషించి, తెరలూ దుస్తులూ ఘనంగా అమర్చుకుని ఊళ్లు తిరిగిన సంస్థ. నటుడు యడవల్లి సూర్యనారాయణ ఆ కంపెనీవాడే. తర్వాత వెండితెరమీద యముడిగా, కంసుడిగా పిల్లల్ని దడిపించిన వేమూరి గగ్గయ్య కూడా ఆ రంగస్థలంమీద గొంతు సానబెట్టినవాడే. హార్మోనియం దగ్గర పాపట్ల కాంతయ్య. కేశవదాసు మాట, కాంతయ్య వరస కలిసిన చోటే మైలవరం కంపెనీ పాట పుట్టింది.

ఆ కంపెనీ ఆడిన నాటకాల్లో ముత్తరాజు సుబ్బారావు రాసిన శ్రీకృష్ణ తులాభారం దగ్గర కొంచెంసేపు ఆగాలి. సత్యభామ భర్తను దానమిచ్చేసింది. నారదుడు ఆయన్ని నడివీధిలో అమ్మకానికి పెట్టాడు. పురాణపు ఘట్టమే, కానీ కేశవదాసు దాన్ని సంతకు తీసుకొచ్చాడు. ‘భలే మంచి చౌక బేరము’ పాటలో నారదుడు దేవర్షిలా కాదు, సరుకు అమ్మే వ్యాపారిలా కేక వేస్తాడు. భక్తి, వెటకారం, బేరం మూడూ ఒకే నోట పలుకుతాయి. దేవుడికి వెల కట్టే ధైర్యం పద్యానికి అంత సులువుగా రాదు, పాటకే వస్తుందని నేనంటాను. 1966లో రామానాయుడు నిర్మించగా కమలాకర కామేశ్వరరావు ఈ కథను సినిమా తీసినప్పుడు ఆ పాటను వదులుకోలేకపోయారు. ఘంటసాల గొంతులో అది మరో రెండు తరాలకు అందింది. అప్పటికి కేశవదాసు పోయి పదేళ్లు.

ఇదే నాటకానికి సంబంధించి ఇంకో ముచ్చట ఉంది. సత్యభామ వేషంతో ఆంధ్రదేశాన్ని ఊపేసిన స్థానం నరసింహారావు ‘మీరజాలగలడా’ పాటను తానే రాసుకున్నాడు. నాటకకర్త ఒకరు, పాటల కవి ఇంకొకరు, ఆపైన నటుడు తనకోసం తాను కట్టుకున్న పాట మరొకటి. ఒక్క నాటకంలో ఇన్ని చేతులు పడితే, యాభై ఏళ్ల తర్వాత ఏది ఎవరిదో విడదీయడం తేలిక కాదు. గ్రామఫోను వచ్చాక చిక్కు ఇంకా పెరిగింది. ప్లేటు మీద గాయకుడి పేరు చూసి జనం పాట ఆయనదే అనుకున్నారు.

సరిగ్గా ఆ రోజుల్లో న్యూయార్కు నాటకశాలల్లోనూ ఇదే తంతు. లండన్‌నుంచి తెచ్చిన నాటకంలో పస తక్కువైతే అమెరికా స్వరకర్తల పాటలు మధ్యలో ఇరికించేవారు. 1914లో ‘ది గర్ల్ ఫ్రమ్ యూటా’లో జెరోమ్ కెర్న్ పాటలు అలాగే చేరాయి, ఆయన పేరు అలాగే నిలబడింది. ఎందుకంటే అక్కడ పాట విడిగా అచ్చయ్యేది, ఇళ్లలో పియానో దగ్గర పాడుకోవడానికి లక్షల కొద్దీ అమ్ముడుపోయేది, దానిమీద రాసినవాడి పేరూ స్వరం కట్టినవాడి పేరూ ఉండేవి. అదే 1914లో అక్కడి రచయితలు, స్వరకర్తలు, ప్రచురణకర్తలు కలిసి ఆస్కాప్ అనే సంఘం పెట్టుకుని, బహిరంగంగా పాట వాయించుకున్న హోటళ్లనుంచి కూడా రుసుము వసూలు చేశారు. మన దేశానికీ కాపీరైట్ చట్టం 1914లోనే వచ్చింది. చట్టం వచ్చింది గానీ సంఘం రాలేదు. పాటల రచయితల హక్కులకోసం ఐపీఆర్‌ఎస్ ఏర్పడింది 1969లో. జమీందారు ఇచ్చిన బహుమానంతో, శాలువాతో లెక్క తీరిపోయిన కాలం మనది.

చిన్నరసం మొదట ఏ తోటలో పుట్టిందో తెలియకపోయినా మామిడికి వచ్చిన నష్టమేమీ లేదు, పాట సంగతి అలా కాదు. దీనికి నాందే సాక్ష్యం. తెలుగునాట పద్యనాటకం ఎక్కడ వేసినా తెర లేవకముందు నటులంతా గొంతు కలిపి పాడే ‘పరబ్రహ్మ పరమేశ్వర’ కేశవదాసు రాసిందే. కృష్ణుడూ దుర్యోధనుడూ, హరిశ్చంద్రుడూ విశ్వామిత్రుడూ పక్కపక్కన నిలబడి పాడే ప్రార్థన అది. ఎవరు రాసిన నాటకమైనా నాంది అదే. ఇంత విరివిగా వాడుకలో ఉన్న తెలుగు రంగస్థల గీతం ఇంకొకటి లేదని చెప్పడానికి నాకేమీ సంకోచం లేదు. అందరిదీ అయిపోవడంవల్లే అది ఆయనది కాకుండా పోయింది.

సినిమా ఆయన్ని వెతుక్కుంటూ వచ్చేసరికి ఆయనకు 55 ఏళ్లు. హెచ్.ఎం. రెడ్డి బొంబాయిలో తీసిన తొలి తెలుగు టాకీ భక్త ప్రహ్లాద 1932 ఫిబ్రవరి 6న విడుదలైంది. 1931 సెప్టెంబరు అని చాలాకాలం చెప్పుకున్నారు గానీ, పత్రికా పరిశోధకుడు రెంటాల జయదేవ ఆధారాలతో తేదీ సరిదిద్దాడు. నాటకం ధర్మవరంవారిది, నటులు సురభివాళ్లు, పాటలు కేశవదాసువి. తొలి తెలుగు సినీకవి అనే బిరుదు అలా దక్కింది. తర్వాత మరికొన్ని చిత్రాలకు రాశాడు. ఆయన కనకతార 1937లో సినిమాగా వచ్చింది, సముద్రాల రాఘవాచార్య మాటల రచయితగా అడుగుపెట్టింది ఆ సినిమాతోనే. సినీకవిత్వంలో ఒక తరం ఇంకో తరానికి దారి ఇచ్చిన ఘట్టంగా దాన్ని చూడవచ్చు.

జమీందారీ పోషణ కూడా ఆ దారినే వెళ్లింది. నూజివీడు పక్కనున్న మీర్జాపురం రాజా నాటకాన్ని దాటి నేరుగా సినిమాల్లో దిగి, శోభనాచల పేరుతో చిత్రాలు తీశాడు. ఆ పేరు ఆగిరిపల్లి కొండది. ఆయన భార్య, నటి కృష్ణవేణి నిర్మించిన మన దేశం (1949) ఎన్.టి. రామారావుకు మొదటి సినిమా. మైలవరం కంపెనీ తెరలు అప్పటికే మూలపడ్డాయి.

కేశవదాసు 1956లో కన్నుమూశాడు. ఆ ఏడాదే ఆంధ్రప్రదేశ్ ఏర్పడింది, ఆయన దాటి వచ్చిన సరిహద్దు మ్యాపులోంచి పోయింది. స్థానం నరసింహారావుకు పద్మశ్రీ వచ్చిందీ ఆ ఏడాదే. నటుడికి దక్కిన గౌరవాన్ని నేను తక్కువ చేయడం లేదు, పాటల కవికి అలాంటిదేదీ దక్కలేదని మాత్రమే అంటున్నాను. తర్వాత డాక్టర్ ఎం. పురుషోత్తమాచార్య వంటి పరిశోధకులు శ్రమపడి ఆయన జీవితాన్ని, రచనలను వెలికి తీశారు కాబట్టి ఈమాత్రమైనా చెప్పుకోగలుగుతున్నాం.

మిగిలిన పని ఇప్పుడు ఈ ప్రాంతం వాళ్ల చేతుల్లో ఉంది. పద్యనాటక పరిషత్తులు కరపత్రంలో హార్మోనిస్టు పేరు వేస్తున్నట్టే పాటల కవి పేరూ వేయాలి, దానికి అదనంగా అయ్యే ఖర్చు ఒక్క వరుస అచ్చు. నూజివీడు, మైలవరం, తిరువూరు, మధిర చుట్టుపక్కల పాత నటుల ఇళ్లలో, హార్మోనిస్టుల ఇళ్లలో నాటకాల పాటల నోటుపుస్తకాలు ఇంకా అటకలమీద ఉండి ఉంటాయి. మీ ఇంట్లో అలాంటిది ఉంటే కాగితాలవాడికి వేయకండి. దగ్గర్లోని గ్రంథాలయానికో కళాశాల తెలుగు శాఖకో చూపించండి, కనీసం ఫోన్‌తో పేజీ పేజీకి ఫోటో తీసి దాచండి.