పెరటి కోడి: మన మొదటి పొదుపు

మన సమాఖ్య వార్షిక నివేదికలో ప్రతి ఏడూ పొదుపు ఎంత, అప్పు ఎంత, వాయిదాలు ఎంతవరకు కట్టాం అన్న లెక్కలే ఎక్కువగా ఉంటాయి. ఈసారి ఆ లెక్కల పక్కన పెరటి కోడి చరిత్ర కూడా రాద్దామని మా సంఘంలో అనుకున్నాం. కారణం ఉంది. ఈ ఏడాది సూక్ష్మ రుణ ప్రణాళికలు రాసుకునేటప్పుడు చాలామంది సభ్యులు "పెరటి కోళ్ళు" అని రాయించారు. ఏ రకం కోడి, పిల్లలు ఎక్కడి నుంచి వస్తాయి, రాత్రి ఎక్కడ పడుకుంటాయి, తెగులొస్తే ఏం చేస్తాం అన్నది మాత్రం ఎవరి కాగితంలోనూ లేదు. కోళ్ళు పెంచడం మనకి పుట్టుకతో వచ్చిన పనే కదా, రాసేదేముంది అనుకుంటాం. కానీ మన అమ్మమ్మల కాలం నుంచి ఇప్పటికి ఆ పనిలో ఏం మారిందో, మన చేతిలోంచి ఏది జారిపోయిందో ఒకసారి చూసుకుంటే అప్పు ఎందుకు తీసుకుంటున్నామో తెలుస్తుంది.

కోడి మొదట అడవిది. ఇప్పటికీ మన్యం అడవుల్లో అడవికోళ్ళు ఉన్నాయి. ఇంటి కోడికి మూలం ఎర్ర అడవికోడి అంటారు శాస్త్రవేత్తలు. థాయిలాండ్‌లో ఒక పాత ఊరి తవ్వకాల్లో దొరికిన మూడు వేల ఏళ్ళు పైబడిన కోడి ఎముకల మీద 2022లో ఒక పరిశోధన అచ్చయింది. వరి, చిరుధాన్యాలు పండించడం మొదలుపెట్టాక, రాలిన గింజల కోసం అడవికోళ్ళు ఊళ్ళ దగ్గరికి చేరి మచ్చికయ్యాయని అందులో చెప్పారు. గింజ రాలేది ఎక్కడ? కళ్ళంలో, రోటి దగ్గర, చేట చెరిగే చోట. ఆ పనులు చేసేది ఎవరో మనకి వేరే చెప్పక్కర్లేదు. అందుకే కోడి పశువుల పాకలోకి పోకుండా పెరట్లోకి, మన కాళ్ళ దగ్గరికి వచ్చింది.

మన తెలుగు చరిత్రలో కోడి పేరు గట్టిగా వినపడేది పల్నాడులో. 12వ శతాబ్దంలో నాయకురాలు నాగమ్మకీ బ్రహ్మనాయుడికీ మధ్య కోడిపందెం జరిగిందనీ, ఓడిన పక్షం మాచర్ల విడిచి ఏడేళ్ళు వలస పోయిందనీ, చివరికి అది కారంపూడి యుద్ధం దాకా వెళ్ళిందనీ కథ చెప్తారు. పందెం పుంజుకి మనవాళ్ళు ఒక శాస్త్రమే రాసుకున్నారు, కుక్కుట శాస్త్రం అని. ఈక రంగుని బట్టి కాకి, డేగ, నెమలి, సేతువ అని పేర్లు పెట్టి, ఏ రోజు ఏ రంగు గెలుస్తుందో లెక్కలు కట్టారు. ఆ పుంజుని పొదిగిన పెట్టకి మాత్రం ఏ పేరూ లేదు. దాన్ని మేపిన ఆవిడ గురించి ఒక్క మాటా లేదు.

సామెతల్లో మాత్రం ఆవిడ ఉంది. "నా కోడీ, కుంపటీ లేకపోతే ఊరు ఎలా తెల్లారుతుంది" అని ఒక ముసలమ్మ అందని నవ్వుకుంటాం. నవ్వితే నవ్వాం గానీ, ఒకటి గమనించాలి. ఆ ముసలమ్మ ఆస్తి మొత్తం ఆ రెండే. పొలం లేదు, పశువు లేదు. అయినా "నా కోడి" అని గట్టిగా అనగలిగింది.

పొలం మీద మన పేరు ఎక్కడానికి చాలా కాలం పట్టింది. ఉమ్మడి కుటుంబం ఆస్తిలో కూతురికి కొడుకుతో సమానంగా హక్కు ఇస్తూ ఆంధ్రప్రదేశ్‌లో సవరణ చట్టం వచ్చింది 1986లో. అంతకుముందు తరాల ఆడవాళ్ళకి అడగకుండా అమ్ముకోగలిగిన వస్తువు పెరట్లో కోడి, కోడి పెట్టిన గుడ్డు. మా ఊళ్ళో పెద్దవాళ్ళని అడిగితే చెప్తారు. ఆ రోజుల్లో గుడ్డు తినడం తక్కువ, పొదగేయడం ఎక్కువ. పిల్లలు పెరిగాక ఒకటి అమ్మితే ఉప్పు, చింతపండు, గాజులు, బడికెళ్ళే పిల్లకి పలక. అల్లుడొస్తే ఒకటి, అమ్మవారి మొక్కుకి ఒకటి. జ్వరమొస్తే మందుకి ఒకటి. ఇంట్లో మగవాళ్ళు ఆ డబ్బు అడగడం తక్కువ. అడిగితే వాళ్ళకే చిన్నతనం.

అట్లా అని దాన్ని ఎవరూ ముట్టుకోలేదని కాదు. నిజాం పాలనలో తెలంగాణ పల్లెల్లో వెట్టి ఉన్నన్నాళ్ళూ దొర గడీకి, ఊరికొచ్చిన సర్కారు ఉద్యోగులకి కోళ్ళు ఉత్త పుణ్యానికే ఇవ్వాల్సి వచ్చేది. లెక్కల్లో అది ఒక కోడే. పెంచుకున్న ఆవిడకి మాత్రం ఒక నెల ఖర్చు.

ఇప్పుడు మనం ముఖ్యంగా గుర్తు చేసుకోవాల్సింది వాటా. కొన్ని ఊళ్ళలో పాలుకి ఇవ్వడం అంటారు. కోడి లేని ఆవిడకి కోడి ఉన్న ఆవిడ ఒక పెట్టని మేపమని ఇస్తుంది. అది గుడ్లు పెట్టి, పొదిగి, పిల్లల్ని చేసి, పిల్లలు ఎదిగాక ఇద్దరూ పంచుకుంటారు. తూర్పు గోదావరి మన్యంలో ఆదివాసీ ఆడవాళ్ళ మధ్య ఈ వాటా పద్ధతి బాగా ఉండేది. తెగుళ్ళకి కోళ్ళు చచ్చిపోయి అది సన్నగిల్లితే, 1990లలో అంత్ర అనే సంస్థ అక్కడి మహిళలతో కలిసి అసీల్ కోళ్ళని మళ్ళీ వాటా మీదే పెంచి చూసింది. డబ్బు పంచలేదు, పెట్టల్ని పంచారు. ఒకావిడ దగ్గర పెరిగిన పిల్లలు ఇంకొకావిడకి వెళ్ళాయి.

మనం సంఘంలో ఇచ్చే అప్పుకీ వాటాకీ ఒక పెద్ద తేడా ఉంది. అప్పు తీసుకుని కొన్న కోళ్ళు చచ్చిపోతే వాయిదా ఆగదు, వడ్డీ ఆగదు. వాటాలో గద్ద తన్నుకుపోతే ఇద్దరికీ నష్టమే. ఇచ్చినావిడ కూడా రోజూ ఆ పెట్ట ఎట్లా ఉందో చూసి పోతుంది. అందుకే వాటాని మన పొదుపు సంఘాలకి అమ్మమ్మ అనొచ్చు. 1982లో డ్వాక్రా రాకముందే, 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో సారా మీద తిరగబడిన ఆడవాళ్ళ తర్వాత అదే జిల్లాలో రోజుకొక రూపాయి పొదుపు మొదలవక ముందే, 2000లో వెలుగు రాకముందే, ఆడవాళ్ళకి ఆడవాళ్ళు పెట్టుబడి పెట్టుకున్న పద్ధతి ఇది. పుస్తకం లేదు, సంతకం లేదు.

మరి ఎందుకు పోయింది? మొదటి కారణం కొక్కెర తెగులు. దీన్నే రాణిఖేత్ అంటారు. 1920ల చివర్లో మన దేశంలో ఉత్తరాది కొండల్లో రాణిఖేత్ అనే ఊరి దగ్గర గుర్తించారు కాబట్టి ఆ పేరు. కోడి ముడుచుకుని కూర్చుంటుంది, నోరు తెరిచి ఊపిరి తీస్తుంది, ఆకుపచ్చగా పారుతుంది, కొన్నిటికి మెడ మెలితిరుగుతుంది. నాలుగు రోజుల్లో వీధి వీధంతా ఖాళీ. వాటా ఇచ్చిన ఆవిడ దగ్గరా పెట్ట మిగలదు, పుచ్చుకున్న ఆవిడ దగ్గరా మిగలదు. ఆశ్చర్యం ఏంటంటే దీనికి టీకా ఎప్పుడో వచ్చింది. ముక్తేశ్వర్‌లోని పశువైద్య పరిశోధన సంస్థలో 1940లలోనే తయారు చేశారు. అంటే ఎనభై ఏళ్ళు దాటింది. ఇంకా మన పెరట్లో కోళ్ళు అదే తెగులుతో పోతున్నాయి. దీని సంగతి చివర్లో చెప్తాం.

రెండో కారణం షెడ్లు. 1960లలో యూనిసెఫ్ సాయంతో పౌష్టికాహార కార్యక్రమం అని ఒకటి నడిచింది. ఊళ్ళలో పెరటి తోటలు వేయించారు, మేలుజాతి కోళ్ళు ఇచ్చారు. తర్వాత బి.వి. రావు గారు 1971లో వెంకటేశ్వర హేచరీస్ పెట్టారు, 1982లో గుడ్ల ధర రైతులే చెప్పుకునేలా నెక్ అనే సంఘం కట్టారు. గుడ్డు కోడి వేరు, మాంసం కోడి వేరు అయ్యింది. ఈ రోజు గుడ్ల ఉత్పత్తిలో ఆంధ్రప్రదేశ్ దేశంలోనే ముందుంది. అంగన్‌వాడీలో, బడి భోజనంలో మన పిల్లలు గుడ్డు తింటున్నారంటే ఆ షెడ్ల వల్లే. మేం దాన్ని తక్కువ చేయం. కాకపోతే షెడ్డుకి స్థలం కావాలి, కరెంటు కావాలి, దాణాకి లక్షల్లో అప్పు కావాలి. స్థలం ఎవరి పేరు మీద ఉంటే లెక్క వాళ్ళది. కోడి వేలల్లోకి వెళ్ళేసరికి "నా కోడి" అనే మాట ఆడవాళ్ళ నోట పోయింది. అక్కడ మనకి మిగిలింది గుడ్లు ఏరే కూలి.

ఈ రెండింటికీ మధ్య వచ్చింది వనరాజా. హైదరాబాద్ రాజేంద్రనగర్‌లో ఉన్న కేంద్ర ప్రభుత్వ కోళ్ళ పరిశోధన సంస్థ పెరటి కోసమే దీన్ని తయారు చేసింది. గ్రామప్రియ కూడా వాళ్ళదే. చూడ్డానికి రంగురంగుల ఈకలతో నాటుకోడిలానే ఉంటుంది. నాటుకోడి ఏడాదికి యాభై అరవై గుడ్లు పెడితే వనరాజా పెరట్లో వంద పైన పెడుతుంది, గ్రామప్రియ ఇంకా ఎక్కువ. బరువు కూడా తొందరగా వస్తుంది. పిల్లల్ని నాలుగు వారాలు తల్లి యూనిట్లలో బల్బు వేడిలో పెంచి పథకాల కింద మనకి ఇస్తారు.

లాభమే. కానీ ఒక మాట కరపత్రంలో చిన్న అక్షరాల్లో ఉంటుంది. ఇవి పొదుగుకి కూర్చోవు. గుడ్డు పెట్టి వెళ్ళిపోతాయి. ఎక్కువ గుడ్లు పెట్టాలని జాతిని తీర్చినప్పుడు కూర్చునే గుణం పోయింది. ఇరవై ఒక్క రోజులు తిండి తగ్గించుకుని కూర్చున్న పెట్ట గుడ్లు పెట్టలేదు కదా. పైగా వీటి గుడ్లు పొదిగించినా పుట్టే పిల్లలకి తల్లికున్న పెట్టుబడి రాదు. అంటే ప్రతిసారీ పిల్లల్ని బయట కొనాలి. పథకం ఉన్న ఏడాది వస్తాయి, లేని ఏడాది గూడు ఖాళీ. ఈ కోళ్ళతో వాటా నడవదు, ఎందుకంటే వాటాకి పెట్టుబడి పిల్లలే.

అందుకని మా సంఘంలో చాలా చర్చ జరిగాక మేం అనుకున్నది, వనరాజా వద్దని కాదు, ప్రతి ఇంట్లో పొదిగే నాటు పెట్టలు రెండైనా ఉండి తీరాలి అని. గుడ్ల కోసం నాలుగు వనరాజాలు ఉన్నా, పక్కన కూర్చునే పెట్ట ఉంటే ఇంటి విత్తనం ఇంట్లో ఉన్నట్టు. మంచి పెట్టని గుర్తుపట్టడం మన పెద్దవాళ్ళకి బాగా తెలుసు. ఏ పెట్ట గూటిలోంచి మాటిమాటికీ లేవదు, ఏది గద్ద నీడ పడగానే పిల్లల్ని రెక్కల కిందికి లాక్కుంటుంది, ఏది గుడ్లు పొడుచుకుంటుంది, అన్నీ చూసి ఉంచుతారు. పది పన్నెండు గుడ్ల కంటే ఎక్కువ వేయరు. గంపలో బూడిద, దాని మీద గడ్డి. బూడిద ఉంటే కోడిపేలు పట్టవు. ఉరుములకి గుడ్లు మురిగిపోతాయని ఇనుపముక్క, బొగ్గు పెడతారు. ఆ ఇనుపముక్క ఏం చేస్తుందో మాకు తెలీదు గానీ పెట్టొద్దని ఎవరికీ చెప్పం. వారం తర్వాత చీకట్లో టార్చి మీద గుడ్డు పెట్టి చూస్తే నరాల్లాగా ఎర్రగా కనపడితే పిల్ల ఉన్నట్టు, ఖాళీగా ఉంటే తీసేయొచ్చు. పెద్దవాళ్ళు దీపం ముందు పెట్టి చూసేవాళ్ళు.

గూడు సంగతి. పాతకాలం గంప కిందే కమ్మేవాళ్ళు. ఐదారు కోళ్ళకి అది చాలు. పది దాటితే గంపలో ఊపిరాడదు, రెట్ట తడికి రోగాలు, అడుగునుంచి పాము, పక్కనుంచి ముంగిస. నేల మీంచి రెండు మూడు అడుగుల ఎత్తున నాలుగు గుంజలు పాతి, దాని మీద వెదురు తడికెతో గూడు కట్టుకుంటే రెట్ట సందుల్లోంచి కిందికి రాలిపోతుంది. తెల్లారి ఊడ్చి పెరటి తోటకి వేసుకోవచ్చు. అయితే తాజా రెట్ట మొక్క మొదట్లో వేస్తే మాడిపోతుంది, పెంటలో కొన్నాళ్ళు మాగనివ్వాలి. గోడలకి కంది కట్టె అల్లి లోపల పేడతో అలకొచ్చు, పైన తాటాకు. గాలి తగలాలని వల వేస్తే కన్ను సన్నగా ఉండాలి, లేకపోతే పిల్లి చెయ్యి దూరుతుంది. తలుపు తూర్పుకి ఉంటే పొద్దుటి ఎండ లోపలికి వస్తుంది. దీనికి సిమెంటు అక్కర్లేదు, మేస్త్రీ అక్కర్లేదు. రుణ ప్రణాళికలో గూటికి వేలకి వేలు రాయించిన వాళ్ళు ఆ డబ్బుని దాణాకి, టీకాలకి ఉంచుకుంటే మేలు.

పెరటి కోడి పని అయిపోయిందని ఎవరైనా అంటే 2019 పశుగణన లెక్క చూపించండి. దేశంలో మొత్తం 85 కోట్ల కోళ్ళుంటే, అందులో 31 కోట్ల పైన పెరటివే. 2012 లెక్క మీద అవి దాదాపు 46 శాతం పెరిగాయి. షెడ్డు కోళ్ళు పెరిగింది నాలుగైదు శాతమే. నాటు కోడికీ, నాటు గుడ్డుకీ సంతలో ఎంత గిరాకీ ఉందో మనకి తెలుసు.

ఇక టీకా సంగతి. ఎనభై ఏళ్ళ నాటి టీకా మన పెరట్లోకి ఎందుకు రాలేదు? షెడ్డు వాళ్ళకి తగ్గట్టు సీసాలు చేశారు గనక. ఒక్క సీసాలో వంద కోళ్ళకి, కొన్నిట్లో ఇంకా ఎక్కువ కోళ్ళకి సరిపడా మందు ఉంటుంది. దాన్ని ఐసు మీద తేవాలి. కలిపాక రెండు గంటల్లో వేసేయాలి, మిగిలింది పారబోయాలి. పది కోళ్ళున్న ఆవిడ ఒక్కతే సీసా కొనదు. పశువుల ఆసుపత్రి వాళ్ళు ఒక్క ఇంటి కోసం సీసా విప్పరు. ఇది ఒంటరిగా చేసే పని కాదు. సంఘం ఉన్నవాళ్ళు చేసే పని.

మేం మా గ్రామ సంఘంలో ఇట్లా పెట్టుకున్నాం. ముందురోజు రాత్రి ఎవరి కోళ్ళని వాళ్ళు గూట్లో కమ్మి ఉంచాలి, తెల్లారి వదలకూడదు. పొద్దున ఆరుకి పశుమిత్ర వస్తుంది. వారం లోపు పిల్లలకి కంట్లో ఒక చుక్క లాసోటా, ఎనిమిది వారాలు దాటిన వాటికి సూది మందు. అంతకు వారం ముందే నులిపురుగుల మందు పట్టించి ఉంచాలి. సంఘంలో లేని వాళ్ళ కోళ్ళకి కూడా వేస్తాం, ఎందుకంటే తెగులుకి సభ్యత్వం అక్కర్లేదు. ఎండలు ముదరకముందే ఒకసారి వీధి మొత్తం అయిపోవాలి. తీర్మానం పుస్తకంలో వెనక నాలుగు పేజీలు వదిలి వాటా లెక్క కూడా మొదలుపెట్టాం: ఎవరి పెట్ట, ఎవరింట్లో, ఎన్ని గుడ్లు వేశారు, ఎన్ని పిల్లలు నిలిచాయి. మీ ఊళ్ళో పొదిగే పెట్టలు ఎన్ని మిగిలాయో వచ్చే నెల సమావేశానికి రాసుకుని రండి.