ముందు పుల్, తర్వాతే షహర్

‘ఎక్కడుంటారు?’ అని అడుగుతారు. షాలిబండ అంటాం. ‘ఓహో, పాతబస్తీయా!’ అంటారు. మేం చెప్పింది ఒక మొహల్లా పేరు. వాళ్లు విన్నది ఒక ముద్ర. ఆ ‘ఓహో’ తర్వాత అద్దె ఇంటి మాట అక్కడితో ఆగిపోతుంది.

పత్రికల్లో పనిచేసిన మాకూ ఈ పాపంలో వాటా ఉంది. హుస్సేనీ ఆలంలో గొడవైనా, యాకుత్‌పురాలో నల్లా రాకపోయినా ‘పాతబస్తీలో’ అనే శీర్షిక పెట్టాం. ఉర్దూలో మొహల్లా పేరు రాసిన చేత్తోనే తెలుగులో ఆ పేరు కొట్టేశాం. మూసీకి దక్షిణాన ఉన్నదంతా ఒకటే అనుకునే పాఠకుణ్ణి తయారుచేసినవాళ్లలో మేమూ ఉన్నాం. అందుకే ఆ నది మీది వంతెనల చరిత్ర మేం చెప్పుకోవాలి.

ఉర్దూలో పుల్ అంటే వంతెన. తెలుగు నోట్లో అది పూల్ అయింది. పురానాపూల్‌ని 1578లో, ఇబ్రహీం కుతుబ్‌షా కాలంలో కట్టారు. చార్మినార్ 1591 నాటిది. అంటే హైదరాబాద్ కన్నా దాని వంతెన పదమూడేళ్లు పెద్దది. నగరం పుట్టాక రెండు ఒడ్లని కలపడానికి పుల్ కట్టలేదు. పుల్ ఉంది కాబట్టే గోల్కొండ జనం నది దాటి వచ్చారు. విడదీసే గీత అని ఇవాళ అంటున్న నది మీదే ఈ షహర్ కలిసి పుట్టింది.

ఆ పుల్‌కి ఉత్తరపు కొసన కార్వాన్. పేరులోనే వర్తకుల బిడారు ఉంది. 1671 నాటి టోలీ మసీదు అక్కడిదే. నది ఒడ్డునే కిందికి వస్తే బేగంబజార్, మార్వాడీ, గుజరాతీ వర్తకుల టోకు అంగళ్లు. దాని దగ్గర ముసల్లంజంగ్ పుల్. ఆ తర్వాత అఫ్జలుద్దౌలా పాలనలో (1857-69) కట్టిన నయాపూల్, అఫ్జల్‌గంజ్ బజారు. ఇంకా కిందికి, 1831 నాటి చాదర్‌ఘాట్ పుల్. అది ఇంగ్లీషువాళ్ల రెసిడెన్సీకి దారి. రెసిడెన్సీ పక్కన ఎదిగిన సుల్తాన్‌బజార్‌లోనే 1901 నుంచి శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయం నడిచింది. ఇన్ని పుల్‌లు, ఇన్ని బస్తీలు. ఏ ఒక్కటీ ఇంకోదానిలా లేదు.

1908 సెప్టెంబర్ 28న మూసీ పొంగింది. వేలమందిని మింగింది. మిగతా మూడు పుల్‌లూ తెగిపోయాయి. పురానాపూల్ ఒక్కటే నిలిచింది. ఉర్దూ రుబాయీల కవి అంజద్ హైదరాబాదీ తల్లినీ, భార్యనీ, కూతుర్నీ ఆ వరద కళ్లెదుటే పట్టుకుపోయింది. నీళ్లు ఎవరి మతమూ అడగలేదు. వరద తర్వాత ఉస్మాన్‌సాగర్ (1920), హిమాయత్‌సాగర్ (1927) వచ్చాయి. కలిగినవాళ్లు ఉత్తరాన ఎత్తైన చోట్లకి జరిగారు. 1948 తర్వాత సర్కారు దఫ్తర్లు, కాలనీలు, కార్ఖానాలు అటే పెరిగాయి. ఇటు పక్క వెనకబడింది. వెనకబడ్డ చోటుకి కారణాలు వెతకలేదు, మతం అంటగట్టారు. పాతబస్తీ అంటే ముస్లింలు, ముస్లింలంటే పాతబస్తీ అయిపోయింది.

మరి లాల్‌దర్వాజ ఎక్కడుంది? గౌలిపుర ఎక్కడుంది? ఉప్పుగూడ ఎక్కడుంది? మొహర్రం పదో రోజున డబీర్‌పురా నుంచి బీబీ కా ఆలం ఏనుగు మీద బయల్దేరి చాదర్‌ఘాట్ చేరుతుంది. ఆషాఢంలో హరిబౌలి అక్కన్నమాదన్న గుడి నుంచి అమ్మవారి ఘటం ఏనుగు మీదే బయల్దేరి నయాపూల్ చేరుతుంది. ఒకటి మాతం, ఒకటి జాతర. రెండింటినీ ఒకటే అనం, అననక్కర్లేదు. షియాల శోకం సున్నీల ఇంట్లో అదే తీరుగా ఉండదు, ముస్లింలలోనే ఇన్ని తీరులున్నాయి. కానీ రెండు ఊరేగింపులకీ ఈ గల్లీలే దారి, మూసీ ఒడ్డే గమ్యం.

2020లో మెట్రో రైలు జేబీఎస్ నుంచి ఎంజీబీఎస్ దాకా వచ్చి మూసీ దగ్గర ఆగింది. ఫలక్‌నుమా దాకా రావాలన్నది మొదటి లెక్క. నాలుగు వందల ఏళ్ల కింద రాళ్లతో నది దాటిన షహర్‌కి ఇప్పుడు ఉక్కుతో దాటడం కష్టమైందా? కష్టం నదిది కాదు, చూపుది.

మేం గుర్తింపు అడుగుతున్నామంటే మమ్మల్నందర్నీ ఒక్క గంపలో వెయ్యమని కాదు. మా మొహల్లాని దాని పేరుతో పిలవమని. ఆ పని ముందు మా కలాల నుంచే మొదలుకావాలి. ఈసారి ఎవరైనా అడిగితే షాలిబండ అనే చెబుతాం. ‘ఓహో’ అంటే ఆగి, పుల్ దాటి ఒకసారి వచ్చి చూడమంటాం.