కాకినాడ పొదుపు చరిత్రలో ఒక ఏప్రిల్

మా కాకినాడకు పెన్షనర్ల స్వర్గమని ఎప్పటి నుంచో పేరుంది. కలెక్టరేట్, పోర్టు, రంగరాయ వైద్య కళాశాల, ఇంజినీరింగ్ కాలేజీ, 1884 నాటి పిఠాపురం రాజావారి కళాశాల, తర్వాత వచ్చిన ఎరువుల కర్మాగారాలు... వీటిలో ఉద్యోగం చేసి రిటైరైనవాళ్లు సొంతూళ్లకు తిరిగి వెళ్లలేదు. తిన్నని రోడ్లూ పెద్దాసుపత్రీ చూసుకుని ఇక్కడే ఇళ్లు కట్టుకున్నారు. కోనసీమలోనూ మెట్టలోనూ పనిచేసిన టీచర్లు కూడా చివరికి ఇక్కడే చేరారు. ఊరి చరిత్ర రాసేవాళ్లు ఓడరేవు గురించి, డచ్చివాళ్ల జగన్నాథపురం గురించి రాస్తారు. ఈ పెన్షనర్ల పొదుపు గురించి రాసినవాళ్లు తక్కువ. 2022 ఏప్రిల్ తర్వాత అది రాయక తప్పదనిపిస్తోంది.

రిటైరైన నాడు గ్రాట్యుటీ, కమ్యూటేషన్, జీపీఎఫ్ ఒక్కసారిగా చేతికొస్తాయి. ముప్పై ఏళ్ల కష్టమంతా అదే. అందులో కొంత కూతురి పెళ్లికో, ఇంటి అప్పుకో పోతుంది. మిగిలిన దాని మీద వచ్చే వడ్డీతో నెల గడవాలి. పోస్టాఫీసులో సీనియర్ సిటిజన్ పథకం ఉంది కానీ, అప్పట్లో ఒక్కొక్కరికి 15 లక్షలే పరిమితి. 2020 మేలో రిజర్వు బ్యాంకు రెపో రేటు 4 శాతానికి దిగి, రెండేళ్ల పాటు అక్కడే ఉండిపోయింది. పెద్ద బ్యాంకుల్లో డిపాజిట్టుకు ఐదున్నర శాతం రావడమే గగనమైంది. ఆ లెక్కన పది లక్షలకు నెలకు వచ్చేది 4,583 రూపాయలు. అదే డబ్బుకు పన్నెండు శాతం ఇచ్చే చోటుంటే నెలకు 10,000. బీపీ, షుగరు మందులు, పాలు, కరెంటు బిల్లు కట్టుకునే ఇంట్లో ఈ తేడా చిన్నది కాదు. ‘అత్యాశకు పోయి మునిగారు’ అని తేలిగ్గా అనేవాళ్లు ముందు ఈ లెక్క వేసి చూడాలి.

ఆ ఎక్కువ వడ్డీ ఇచ్చే చోటు ఎలా పుట్టిందో తెలియాలంటే సహకార చట్టాల చరిత్రలోకి వెళ్లాలి. మన దేశంలో పరపతి సంఘాలకు మొదటి చట్టం 1904లో వచ్చింది. వడ్డీ వ్యాపారి గుప్పిట్లోంచి రైతును బయటపడేయడం దాని ఉద్దేశం. ఆంధ్రప్రదేశ్‌లో 1964 చట్టం వచ్చాక సంఘాల మీద రిజిస్ట్రారు పెత్తనం, రాజకీయాల నీడ పెరిగాయి. ఎన్నికలు వాయిదా వేయడం, పాలకవర్గాన్ని రద్దు చేయడం మామూలైపోయింది. దీనికి విరుగుడుగా 1995లో పరస్పర సహాయ సహకార సంఘాల చట్టం తెచ్చారు. జనం దాన్ని మాక్స్ చట్టం అంటారు. ప్రభుత్వ వాటా ఉండదు, పెత్తనమూ ఉండదు; సభ్యులే యజమానులు. దేశంలో ఇలాంటి చట్టాల్లో ఇది మొదటిది. పల్లెల్లో మహిళా పొదుపు సంఘాలు దీని నీడలోనే నిలదొక్కుకున్నాయి. చట్టం వెనకున్న ఆలోచన మంచిదే. ప్రభుత్వం తప్పుకున్న చోట సభ్యులు కాపలా ఉంటారన్న నమ్మకం మీద అది నిలబడింది.

ఆ చట్టం కిందనే కాకినాడలో జయలక్ష్మి మ్యూచువల్లీ ఎయిడెడ్ మల్టీపర్పస్ కోఆపరేటివ్ సొసైటీ వచ్చింది. ప్రధాన కార్యాలయం సర్పవరం జంక్షన్‌లో. కాకినాడతో ఆగకుండా చుట్టుపక్కల జిల్లాలకూ శాఖలు విస్తరించాయి. ఏళ్ల తరబడి వడ్డీలు చెల్లించడమే దానికి అన్నిటికన్నా పెద్ద ప్రచారమైంది. ఏజెంట్లు గడప గడపా తిరగాల్సిన పని లేకపోయింది. ఉదయం నడకలో ఒకరు ‘నాకు ఒకటో తారీఖుకల్లా పడిపోతుందండీ’ అంటే చాలు, పక్కవాళ్లు బాండు రాయించుకునేవారు.

2022 ఏప్రిల్‌లో చెల్లింపులు ఆగిపోయాయి. తూర్పు గోదావరిని విడదీసి కాకినాడ జిల్లా ఏర్పాటు చేసింది కూడా ఆ నెలలోనే. కొత్త జిల్లా అధికారులకు మొదటి రోజుల్లోనే వచ్చిపడిన గోడు సొసైటీ బాధితులది. దాదాపు ఇరవై వేల మంది డిపాజిటర్లు, ఐదు వందల కోట్లకు పైగా సొమ్ము. కేసు సీఐడీకి వెళ్లింది, పాత పాలకవర్గంలోని పెద్దలు అరెస్టయ్యారు. తగిన తనఖా లేకుండా తమవాళ్లకూ బినామీలకూ కోట్ల రూపాయల అప్పులు ఇచ్చుకున్నారన్నది వాళ్ల మీద ప్రధాన అభియోగం. తేల్చాల్సింది కోర్టు.

సహకార రంగంలో మనకిది మొదటి దెబ్బ కాదు. 2001లో హైదరాబాద్‌లో కృషి బ్యాంకు కూలింది. ఆ తర్వాత చార్మినార్, ప్రుడెన్షియల్, వాసవి అర్బన్ బ్యాంకులూ అదే బాట పట్టాయి. కానీ అవి రిజర్వు బ్యాంకు లైసెన్సు ఉన్న బ్యాంకులు. వాటి డిపాజిటర్లకు లక్ష రూపాయల దాకా బీమా ఉండేది. 2020 ఫిబ్రవరి నుంచి ఆ పరిమితి 5 లక్షలకు పెరిగింది. మాక్స్ సొసైటీలో వేసిన డబ్బుకు ఆ బీమా ఒక్క రూపాయికి కూడా వర్తించదు. బ్యాంకు లాంటి కౌంటరు, బ్యాంకు లాంటి పాస్‌బుక్కు, బ్యాంకు లాంటి రసీదు చూసినవాళ్లకు ఈ తేడా ఎవరూ విడమరచి చెప్పలేదు. రసీదు మీద ఉండే రిజిస్ట్రేషన్ నంబరు ఆ సంఘం నమోదైందని మాత్రమే చెబుతుంది. ప్రభుత్వం పూచీ పడిందని దానర్థం కాదు.

1999 నాటి డిపాజిటర్ల రక్షణ చట్టం ఉంది. దాని కింద ప్రభుత్వం జీవో ఇచ్చి ఆస్తులు అటాచ్ చేయాలి, ప్రత్యేక కోర్టు దాన్ని ఖాయం చేయాలి, ఆ తర్వాత వేలం వేసి పంచాలి. ఒక్కో మెట్టు దగ్గర ఏళ్లు గడుస్తాయి. డెబ్బై దాటిన మనిషికి ఆ ఏళ్లు ఎక్కడి నుంచి వస్తాయి?

ఇందులో నాకు కనిపించే అసలు లోపం ఒకటుంది. చట్టం కాపలా బాధ్యతను సర్వసభ్య సమావేశానికి అప్పజెప్పింది. ఆడిటరును నియమించేది, పాలకవర్గాన్ని ఎన్నుకునేది, అప్పుల పద్దు అడగాల్సింది ఆ సభే. ఇలాంటి సొసైటీల్లో డిపాజిట్ ఫారంతో పాటే సభ్యత్వ ఫారం మీదా సంతకం పెట్టిస్తారు. పెట్టినవాళ్లలో చాలామంది తాము యజమానులమయ్యామని అనుకోరు, ఖాతాదారులమనుకుంటారు. వడ్డీ పడినన్నాళ్లు సభకు వెళ్లరు, వెళ్లినా లెక్కలు అడగరు. ‘మనవాళ్లే కదా’ అన్న మొహమాటం పెద్దది. ప్రభుత్వం చట్టప్రకారం దూరంగా ఉంది, సభ్యులు మొహమాటంతో దూరంగా ఉన్నారు. మధ్యలో కోట్ల రూపాయల ప్రజల సొమ్ము కొద్దిమంది చేతుల్లో మిగిలిపోయింది. నేరం చేసినవాళ్ల బాధ్యత దీనివల్ల ఇసుమంతైనా తగ్గదు. కానీ కాపలా లేని ఏర్పాటును పాతికేళ్లకు పైగా అలాగే వదిలేసిన ప్రభుత్వాలకు ఇందులో వాటా ఉంది.

అందుకే పాలకులను అడుగుతున్నాను. పెద్ద మొత్తంలో డిపాజిట్లు తీసుకునే ప్రతి సొసైటీకీ స్వతంత్ర ఆడిట్ తప్పనిసరి చేయండి. బీమా లేదన్న మాట రసీదు మీద పెద్ద అక్షరాల్లో తెలుగులో అచ్చు వేయించండి. అటాచ్ చేసిన ఆస్తుల వేలానికి గడువు పెట్టండి. మా ఊరి పెద్దలకూ ఒక మాట: ఏ సొసైటీలో మీ డబ్బున్నా, ఈ ఏడు సర్వసభ్య సమావేశానికి వెళ్లండి. ఆడిట్ నివేదిక చదవండి, అతి పెద్ద అప్పులు ఎవరికిచ్చారో, ఏ తనఖా మీద ఇచ్చారో లేచి నిలబడి అడగండి. జవాబు చెప్పని చోట మీ రూపాయి ఉంచకండి.