రేనాటి ఴకారం: సి భాషలో ముద్రణీయతా పరీక్ష – ఒక చారిత్రక పరిశీలన

నేటి కడప జిల్లాలోని ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల ప్రాంతాలు ఒకప్పటి రేనాడులో భాగాలు. తెలుగును తొలిసారిగా శాసనభాషగా స్వీకరించిన రేనాటి చోళులు ఈ సీమనే పాలించారు. ప్రొద్దుటూరుకు చేరువలోని కలమళ్ళలో లభించిన ధనంజయుని శాసనం క్రీ.శ. 575 ప్రాంతానిదని పండితుల నిర్ణయం. ఈ రాజుల శాసనాలలో వంశనామం ‘చోఴ’ అని కనిపిస్తుంది. ఇందలి ఴకారధ్వని తమిళంలో నేటికీ నిలిచి ఉంది. తెలుగులో అది క్రమంగా ఇతర ధ్వనులలో కలిసిపోయింది. ‘చోఴ’ ‘చోడ’ అయింది. అక్షరమూ లిపి నుంచి తొలగిపోయింది.

శిలపై నిలిచిన ఈ అక్షరం కంప్యూటరులో ఎప్పుడు ముద్రణీయమైంది? సి భాషలో ఒక వర్ణం ముద్రణీయమో కాదో తేల్చే ప్రమేయం ‘ఇస్‌ప్రింట్’. 1989 నాటి ఆన్సీ ప్రమాణంలో దీనికి స్థానముంది. ఆస్కీ సంకేతాలలో 32 నుంచి 126 వరకు గల 95 వర్ణాలను మాత్రమే ఇది ముద్రణీయాలుగా అంగీకరిస్తుంది. తక్కినవి నియంత్రణ సంకేతాలు. యూటీఎఫ్-8 పద్ధతిలో ‘అ’ అనే అక్షరం 224, 176, 133 అనే మూడు బైట్లుగా ఉంటుంది. ఇస్‌ప్రింట్ బైటును విడివిడిగా పరీక్షిస్తుంది కనుక దాని దృష్టిలో తెలుగు అక్షరాలన్నీ అముద్రణీయాలే.

ఈ లోపాన్ని తీర్చడానికి 1995 నాటి సవరణ ‘ఇస్‌డబ్ల్యుప్రింట్’ను ప్రవేశపెట్టింది. ఇది అక్షరాన్ని ఒకే విశాలవర్ణంగా పరీక్షిస్తుంది. అయితే దీని తీర్పు కంప్యూటరులోని లొకేల్ పట్టికలపై ఆధారపడుతుంది. ఆ పట్టికలు సాధారణంగా యూనికోడ్‌ను అనుసరిస్తాయి. 1991 నాటి తొలి యూనికోడ్‌లో ఱకారం ఉంది, ఴకారం లేదు. 2014లో వెలువడిన 7.0 ప్రమాణంలో 3124వ సంకేతస్థానం దానికి లభించింది. అంతవరకు ఆ స్థానం ఖాళీ. పాత పట్టికలున్న కంప్యూటరులో ఆ తర్వాత కూడా ఴకారం అముద్రణీయమే. పట్టిక అంగీకరించినా ఫాంటులో రూపం లేకపోతే తెరపై ఖాళీ గడియే కనిపిస్తుంది. సంకేతం, ముద్రణీయత, దృశ్యరూపం వేర్వేరు దశలని దీనివల్ల స్పష్టమవుతుంది.

శాసనపాఠాల సాంకేతికీకరణకు ఈ భేదం కీలకం. అముద్రణీయ వర్ణాలను తొలగించే ప్రోగ్రాం ‘చోఴ’ను ‘చో’గా మిగులుస్తుంది. ళకారంతోనో డకారంతోనో పూరిస్తే ధ్వనిపరిణామానికి సాక్ష్యమే చెరిగిపోతుంది. కనుక పరీక్షలో నెగ్గని వర్ణాన్ని తొలగించక, దాని సంకేతసంఖ్యను నమోదు చేసి మూలపాఠాన్ని యథాతథంగా నిలపడం పరిష్కర్త ధర్మం. ముద్రణీయత అక్షరానికి సహజగుణం కాదు. ఆయా కాలపు పట్టిక దానికి ఇచ్చిన గుర్తింపు మాత్రమే.